అర్ధణాకి గోదారి దాటిన ఉత్తరం

అంబాజీపేట పక్క పల్లెలో రిటైరైన పోస్టు మాస్టారొకాయన తన మండువా ఇంట్లో రెండు గదుల నిండా పాత పోస్టాఫీసు సామాను పేర్చి ఉంచారని మా మేనత్త చెప్పింది. బోర్డు లేదు, టికెట్టు లేదు. చుట్టుపక్కల వాళ్లని "పోస్టు మ్యూజియం ఎక్కడండీ" అని అడిగితే దారి చూపిస్తారట. ఢిల్లీ డాక్ భవన్‌లో 1968 నుంచి ఉన్న తపాలా బిళ్లల మ్యూజియం నేను చూశాను. చాలా బాగుంటుంది. కానీ మా గోదావరి గట్ల మీద సంచి మోసిన మనిషి జాడ మాత్రం అక్కడ దొరకలేదు. అందుకే తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కారులో బయల్దేరాను. ఆ ఒక్క ఇల్లే చూసి వచ్చేయకుండా, ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి పాయలన్నీ దాటుకుంటూ యానాం దాకా వెళ్లాలనుకున్నాం. డెల్టాలో ఉత్తరం కథంటే ఏరు దాటే కథే కదా.

డిసెంబరు 10, బుధవారం – రాజమండ్రి, ధవళేశ్వరం

పొద్దున్న రాజమండ్రిలో పెసరట్టు ఉప్మా తిన్నాం. ప్లేటు అరవై రూపాయలు. అల్లప్పచ్చడి ఎంత అడిగినా విసుక్కోకుండా వేశాడు. వీరేశలింగం పంతులు గారి ఊరు ఇది. ఆయన 1874లో 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెడితే, సరిగ్గా నూరేళ్లకి, 1974లో, ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. ఇదే ఊళ్లో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి 1982లో వచ్చింది. ఆ రెండు బిళ్లలూ నా దగ్గరున్నాయి. వెంట తెచ్చుకున్నాను, మాస్టారికి ఇద్దామని.

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం కోసం ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుంటే అది మమ్మల్ని లాకుల పక్క నుంచి కాలవ గట్టు మీదికి ఎక్కించింది. గట్టు సన్నబడి సన్నబడి ఒక గడ్డివాము దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిప్పుకునే చోటు లేదు. గేదెల్ని తోలుకొస్తున్న పెద్దాయన కర్ర పక్కన పడేసి, "ఆ చక్రం ఇటు కొయ్యండి... ఇంకొంచెం... ఆయ్, చాలు" అంటూ పావుగంట నిలబడి కారు తిప్పించాడు. "మ్యూజియం అంటే ఎవరికి తెలుస్తాదండి, కాటన్ దొర గారి బంగళా అనండి" అన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ దారి తప్పడం వల్లే లాకుల్ని దగ్గర్నుంచి చూడగలిగాం. పొలాలకి నీళ్లివ్వడానికి లాకులు అక్కర్లేదు. పడవ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగాలన్నా ఎక్కాలన్నా లాకు కావాలి. అంటే కాలవలు తవ్వేటప్పుడే అవి దారులు కూడా. ధాన్యం, మనుషులు, పెళ్లివారు, వాళ్లతో పాటు ఉత్తరాలు.

మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, కొలత పరికరాలు, పాత చిత్రాలు ఉన్నాయి. తపాలాకి సంబంధించినవేమీ లేవు. అయినా ఆ తేదీలు చదువుతుంటే నాకు ఉత్తరాలే కనిపించాయి. కాటన్ 1844లో మద్రాసుకి నివేదిక పంపాడు. లండన్‌లో కంపెనీ డైరెక్టర్ల అనుమతి 1846 చివరికి గానీ రాలేదు. పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1833 నాటి కరువులో జిల్లా జనం పిట్టల్లా రాలిపోయాక, నీళ్లివ్వడానికి ఒక ఇంజనీరు రాసిన కాగితం సముద్రం దాటి వెళ్లి జవాబు తెచ్చుకోవడానికి అంతకాలం పట్టింది. ఒక ఉత్తరం ఎంత బరువైనదో అక్కడ నిలబడితే తెలిసింది.

మధ్యాహ్నం ఒక మెస్సులో భోంచేశాం. మనిషికి నూట ఇరవై. కంద బచ్చలి కూర, ఆవ పెట్టిన పులిహోర, గడ్డ పెరుగు. వడ్డించే ఆవిడ మా తమ్ముడు వద్దంటున్నా వినకుండా, "కుర్రాడివి, అలా తింటే ఎలాగయ్యా" అని కంద బచ్చలి మూడోసారి వేసింది.

డిసెంబరు 11, గురువారం – పాలకొల్లు, నర్సాపురం

రావులపాలెం, సిద్ధాంతం మీదుగా పాలకొల్లు చేరేసరికి ఎనిమిదైంది. ఇక్కడ దిబ్బరొట్టె తినకుండా కదలకూడదు. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మందపాటి మూకుట్లో పోసి, మూత పెట్టి, సన్నసెగ మీద కాలుస్తారు. పైన ఎర్రటి పెళుసు పొర, లోపల దూది. సగం రొట్టె యాభై రూపాయలు. సగం తింటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు.

మా బల్ల ఎదుట కూర్చున్న పెద్దాయన మా మాటలు విని, "మీరు పోస్టు గురించి తిరుగుతున్నారా అమ్మా?" అని అడిగారు. ఆయన తంతి ఆఫీసులో పనిచేశారట. తెలియనివాళ్లతో అంత తొందరగా మాట కలిపే మర్యాద ఈ జిల్లాల్లోనే చూస్తాను. టీ గ్లాసు పక్కకి జరిపి, చూపుడువేలి గోటితో బల్ల మీద కొట్టి చూపించారు. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, మళ్లీ పొట్టి. "ఇది మీ పేరు" అన్నారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ వేలు తడబడలేదు.

గ్రీటింగ్ టెలిగ్రాముల గురించి ఆయన చెబుతుంటే వంటగదిలోంచి హోటలాయన కూడా వచ్చి నిలబడ్డాడు. పెళ్లికి, పండక్కి, పరీక్ష పాసైనందుకు, ఒక్కో శుభాకాంక్షకి ఒక్కో నంబరు ఉండేది. పంపేవాళ్లు నంబరు చెబితే చాలు, అవతల ఆఫీసులో పూర్తి వాక్యం రాసి పూల బొమ్మల కాగితం మీద ఇచ్చేవారు. "కానీ మామూలు తంతి వచ్చిందంటే మాత్రం, విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవి. మా బంట్రోతు వీధి మొదట్లోనే గట్టిగా అరిచేవాడు, 'శుభమేనండీ, శుభమే' అని. అలా అరవమని రూల్సులో లేదు. అతనికే తోచింది" అన్నారు. 2013 జులైలో టెలిగ్రాం ఆపేసిన రోజు ఆయన తన మనవడికి ఒకటి ఇచ్చారట. అది ఫ్రేము కట్టించి ఉందని చెప్పారు.

నర్సాపురంలో లేసు అల్లే ఇంటికి వెళ్లాం. అత్తాకోడళ్లిద్దరూ అరుగు మీద కూర్చుని, మాతో మాట్లాడుతూనే, చేతులవంక చూడకుండానే అల్లేస్తున్నారు. టీపాయ్ మీద పరిచేది ఒకటి మూడు వందల యాభైకి తీసుకున్నాను. బేరం ఆడబుద్ధి కాలేదు. నాలుగు రోజుల పని అది. వాళ్ల అత్తగారి రోజుల్లో లేసు మూటని తెల్లగుడ్డలో పెట్టి కుట్టి, కుట్టు పొడుగునా లక్క ముద్రలు వేయించి పార్సిల్ పంపేవారట. ఇప్పటికీ బెంగళూరు ఆర్డర్లు స్పీడ్ పోస్టులోనే పంపుతున్నామని కోడలు చెప్పింది.

మధ్యాహ్నం పంటు ఎక్కి గోదారి వశిష్ఠ పాయ దాటాం. రెండు పడవల మీద బల్లలు పరిచి కట్టిన పంటు మీదికి కార్లు, బైకులు, చేపల గంపలు, బడిపిల్లలు, అందరూ ఒకేసారి ఎక్కుతారు. కారుకీ మా ఇద్దరికీ కలిపి నూట యాభై దాకా అయింది. టికెట్లు కొట్టే కుర్రాణ్ణి తపాలా సంగతి అడిగితే వాళ్ల నాన్నని పిలిచాడు. "మా తాత చెప్పేవాడండి. రేవు వదిలేశాక ఎవరు కేకేసినా పడవ వెనక్కి తిప్పేవాడు కాదంట. తపాలా సంచి కనపడితే మాత్రం తిప్పేవాడంట" అన్నాడాయన. "ఎందుకు?" అన్నాను. "ఎవరి కబురుందో అందులో. మన కబురే ఉండొచ్చు కదండి."

అవతల సఖినేటిపల్లి. అక్కణ్ణుంచి రాజోలు మీదుగా అమలాపురం. చీకటి పడేసరికి గదిలో పడ్డాం.

డిసెంబరు 12, శుక్రవారం – అంబాజీపేట దగ్గర

అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం. పనసాకుల్ని పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పట్టిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. జత యాభై. ఊరంతా కొబ్బరి. దింపుడు కాయల రాశులు, ఎండుతున్న కురిడీలు, పీచు వాసన. "పోస్టు మ్యూజియం" అనగానే కొబ్బరి లారీ ఎక్కిస్తున్న ఇద్దరు ఒకేసారి రెండు వేర్వేరు దార్లు చూపించారు. రెండూ సరైనవే, మధ్యలో పంట బోదె ఉందంతే.

మాస్టారు గుమ్మంలోనే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, చేతులున్న బనీను. "ఆయ్, రండమ్మా. కాళ్లు కడుక్కోండి" అన్నారు. పిన్నిగారు బొండాలు కొట్టించి తెచ్చి, "భోజనానికి ఉంటున్నారు కదా" అన్నారు. అది అడగడం కాదు, చెప్పడం.

నేను అనుకున్నట్టు సంవత్సరాల వరసలో లేదు అక్కడ. "ఉత్తరం ఏ దార్లో నడుస్తుందో ఆ దార్లోనే పెట్టానమ్మా. రాసిన చెయ్యి దగ్గర మొదలు, అందుకున్న చెయ్యి దగ్గర ఆఖరు" అన్నారు. ఇంత మంచి ఆలోచన పెద్ద పెద్ద మ్యూజియాల్లో కూడా నేను చూడలేదు.

మొదటి బల్ల మీద కార్డులు. పోస్టు కార్డు మన దేశంలో 1879 జులై 1న వచ్చింది, పావు అణాకి. విక్టోరియా రాణి తల ఉన్న ఆనాటి కార్డొకటి ఉంది. పక్కనే మన కాలపు యాభై పైసల కార్డు. నాలుగు మూలలా పసుపు రాసిన పెళ్లి కబురు కార్డులు, "ఉభయకుశలోపరి" అని మొదలయ్యేవి, "లక్ష్మీసమానురాలైన" కోడలికి మావగారు రాసినవి. అశుభం కార్డు ఒక్కటి కూడా లేదు. "వాటిని గుమ్మం బయటే చదివి చింపేసేవారు. అవి దొరకవు, దొరికినా నేను పెట్టను" అన్నారు. గోడకి ఒక ఇనప చువ్వ వేలాడుతోంది. దానికి గుచ్చిన కార్డుల దొంతర జానెడు మందం. ప్రతి ఇంట్లోనూ దూలానికి ఇలాంటి చువ్వ ఉండేది. ఇది ఒకే ఇంటిది, ఇరవై ఏళ్ల ఉత్తరాలట. కిందివి గోధుమరంగుకి తిరిగి, పైకి వచ్చేకొద్దీ తెల్లబడ్డాయి.

తర్వాత ఇత్తడి త్రాసు, తులం రాళ్లు. ఇక్కడ మాస్టారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన కథ ఇదే. 1837 చట్టం ప్రకారం ఉత్తరానికి బరువుని బట్టీ, దూరాన్ని బట్టీ కూడా డబ్బులు. కలకత్తా నుంచి బొంబాయికి తులం బరువు ఉత్తరం పంపాలంటే రూపాయి. ఆ రోజుల్లో రూపాయంటే కూలివాడి ఎన్నో రోజుల కష్టం. 1854 అక్టోబరు 1 నుంచి దూరం లెక్క తీసేశారు. పావు తులం దాటకపోతే అర్ధణా, దేశంలో ఎక్కడికైనా. బిళ్ల అంటించకపోతే అందుకున్నవాడు రెండింతలు కట్టాలి. మనవాళ్లు బేరింగు ఉత్తరం అనేవారే, అది.

"కాలవలు 52లో వచ్చాయి, అర్ధణా బిళ్ల 54లో వచ్చింది. ఈ రెండూ కలిసి వచ్చాయి కాబట్టే మన లంకల్లో వాడికి కూడా లోకంతో లావాదేవీ కుదిరింది" అన్నారు. పక్క ఊరికీ అర్ధణాయే, కలకత్తాకీ అర్ధణాయే. నాలుగు రేవులు దాటి, మోకాటి లోతు బురదలో నడిచి ఇచ్చినా అదే అర్ధణా. దూరంగా ఉన్నావని నీ దగ్గర ఎక్కువ తీసుకోం అని ఒక ప్రభుత్వం, అదీ పరాయి ప్రభుత్వం, పేదవాడికి ఇచ్చిన మాట అది. రోడ్డు, కరెంటు, బడి, వేటికీ ఆ మాట ఇవ్వలేదు ఎవరూ. నేను నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసుకున్నది ఈ ముక్క కిందే.

తేదీ ముద్రని ఆయన విప్పి నా చేతిలో పెట్టారు. చెక్క పిడి చెమటకి నల్లబడి, వేళ్లు పడే చోట నొక్కుకుపోయి ఉంది. గుండ్రటి ఉక్కు అంచు మీద ఊరి పేరు తిరగేసి చెక్కి ఉంది. మధ్యలో చిన్న గాడి, అందులో ఇరికించే అచ్చు బిళ్లలు: రోజుకొకటి, నెలకొకటి, ఏడాదికొకటి, పప్పుబద్దంత ఉంటాయి. పొద్దున్నే పట్టకారుతో నిన్నటి తేదీ తీసి ఇవాళ్టిది పెట్టి, ముందు పుస్తకంలో ఒక ముద్ర కొట్టుకోవాలి. అది చూసి తేదీ సరిగ్గా ఉందని సంతకం పెట్టాకే మొదటి ఉత్తరం మీద దెబ్బ. కోర్టులో ఆ ముద్రే సాక్ష్యం మరి. మాస్టారు ఇప్పటికీ రోజూ పొద్దున్న తేదీ మారుస్తారు. మేం వెళ్లిన రోజు కూడా 12 డిసెంబరు 2025 అనే ఉంది. నా నోట్‌బుక్ మీద ఒకటి కొట్టించుకున్నాను.

సంచి, సుతిలి తాడు, లక్క, సీలు. ఆ పక్కన గోడకి ఆనించి గజ్జెలు కట్టిన ఈటె. ఒక రన్నర్ మనవడు ఇచ్చాడట. "పుస్తకాల్లో పులుల కోసం అని రాస్తారు. ఇక్కడ పులులెక్కడివి? గట్ల మీద పాములు. ఇంకోటి, గజ్జెల మోత ఏటి అవతలికి వినపడేది. చీకట్లో రేవు దగ్గరికి వచ్చి ఈటె నేలకేసి కొడితే పడవవాడు లేచి లాంతరు వెలిగించేవాడంట." తమ్ముడు ఈటె ఎత్తి నేల మీద ఒకసారి తాటించాడు. ఆ మోతకి పెరట్లో ఉన్న పిన్నిగారు ఇటు తిరిగి చూశారు.

మనియార్డర్ల పెట్టె చూసినప్పుడు మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. మనియార్డరు మన తపాలాలో 1880లో మొదలైంది. ఈ డెల్టా నుంచి కాకినాడ రేవు మీదుగా వేలమంది రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు, మిల్లుల్లో, రేవుల్లో కూలికి. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే కాబట్టి రంగం నుంచి అమలాపురానికి ఉత్తరం వస్తే అది దేశం లోపలి ఉత్తరమే. సముద్రం అడ్డమున్నా అదే బిళ్ల. ఆ తర్వాత ఒక్కసారిగా అది పరదేశం అయిపోయింది. మనియార్డరు ఫారం అడుగున నాలుగు మాటలు రాసుకునే కూపను ముక్క ఉండేది. డబ్బు తీసుకున్నాక దాన్ని చింపి ఇంట్లో దాచుకునేవారు. అలాంటివి అట్ట పెట్టెలో పదుల కొద్దీ ఉన్నాయి. "గేదెని అమ్మొద్దు." "పిల్లని బడికి పంపు." "వచ్చే నెల పంపలేను." అంతే, ఒక్కో ముక్క మీద ఒక్కో వాక్యం.

చదువురాని వాళ్లకి పోస్ట్‌మానే చదివి పెట్టేవాడు, మాస్టారే రాసి పెట్టేవారు. కోడలు పుట్టింటికి ఏం రాయించుకుందో అత్తగారు వచ్చి అడిగితే చెప్పకూడదు. "ఈ ఊళ్లో సగం ఇళ్ల గుట్టు నాకు తెలుసమ్మా. ఈవిడకి కూడా చెప్పలేదు" అని పిన్నిగారి వైపు చూశారు. "అడిగానా నేనెప్పుడైనా" అన్నారావిడ.

1996 నవంబరు తుఫాను అప్పుడు ఆయన ఇక్కడికి దగ్గర్లోనే ఒక సబ్ ఆఫీసులో ఉన్నారు. కొబ్బరి చెట్లన్నీ నేలకి ఒరిగిపోయాయి, రోడ్లు మూసుకుపోయాయి, ఫోను స్తంభాలు పడిపోయాయి. మర్నాడు తడిసిన కార్డుల కట్టల్ని అరుగు మీద ఆరబెట్టి, వరసలో నిలబడ్డ వాళ్లందరికీ తనే రాసిచ్చారట. చాలామంది రాయించింది ఒకటే: "మేం బతికే ఉన్నాం. ఇల్లు పోయింది. రావద్దు, దార్లు లేవు." ఈడీ రన్నరు ఒకతను ఆ సంచి నెత్తిన పెట్టుకుని, పడిన చెట్ల మీంచి ఎక్కుతూ దిగుతూ అమలాపురం చేర్చాడు. అప్పట్లో ఈడీ (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనేవారు, ఇప్పుడు గ్రామీణ్ డాక్ సేవక్ అంటున్నారు. పని అదే. ఆ కార్డుల్లో ఒకటి పదేళ్ల తర్వాత హైదరాబాదు నుంచి తిరిగి మాస్టారి దగ్గరికి వచ్చింది. అందుకున్నవాళ్లే తెచ్చిచ్చారు. నీటిమరక పడి సిరా అలికినట్టయింది గానీ "బతికే" అన్నమాట చక్కగా కనపడుతోంది.

భోజనంలో ముద్దపప్పు, వంకాయ కొత్తిమీర కారం, మజ్జిగ పులుసు, బూరెలు. బూరెకి గుంట చేసి నెయ్యి పోశారు పిన్నిగారు.

రెండో గది బిళ్లలది. వాటిలో ఫ్రెంచి ఇండియావి వేరే పుస్తకంలో ఉన్నాయి. 1914 నాటి బిళ్ల మీద బ్రహ్మ బొమ్మ, చుట్టూ ఫ్రెంచి అక్షరాలు. 1923 నుంచి వాటి ధర కాషులు, ఫనాల్లో: ఇరవై నాలుగు కాషులు ఒక ఫనం, ఎనిమిది ఫనాలు ఒక రూపాయి. గోదారి ఈ ఒడ్డున ఇంగ్లీషు రాజు తల, ఆ ఒడ్డున, ఫ్రెంచివాళ్ల యానాంలో, బ్రహ్మ. "కానీ నాకు కావలసింది బిళ్ల కాదమ్మా. కవరు. యానాం ముద్ర పడ్డ నిండు కవరు. పిల్లలు బిళ్ల నీళ్లలో నానబెట్టి తీసుకుని కవరు పారేస్తారు. ఉత్తరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ రోజున, ఏ దార్లో వెళ్లిందో చెప్పేది కవరు. ముప్ఫై ఏళ్లుగా వెతుకుతున్నాను" అన్నారు. రేపు యానాంలో అడిగి చూస్తామని మాటిచ్చాం. నేను తెచ్చిన రెండు బిళ్లలూ తీసుకుని, రసీదు రాసిచ్చారు! సంఖ్య వేసి, తేదీ ముద్ర కొట్టి.

ఇంత సామానూ చెదలకీ, చెమ్మకీ ఎదురొడ్డి ఈ మనిషి ఒక్కడే కాపాడుతున్నాడు. వారానికోసారి చింతపండుతో ఇత్తడి తోముతారు, కాగితాల మధ్య వేపాకు పెడతారు. పిల్లలు దూరదేశంలో ఉన్నారు. ఆయన తర్వాత ఎవరు? 2025లోనే రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ రసీదు పుస్తకాలు కూడా ఇప్పుడు చరిత్రే. రాజమండ్రిలోనో, కాకినాడలోనో పెద్ద పోస్టాఫీసులో ఒక్క గది ఇస్తే ఇదంతా అక్కడికి చేర్చొచ్చు. తను అడగడానికి మొహమాటపడుతున్నారు. నాకు మొహమాటం లేదు, అడుగుతున్నాను. ఆ గది ఇవ్వాలి.

డిసెంబరు 13, శనివారం – ఎదుర్లంక, యానాం

ముమ్మిడివరం, మురమళ్ల దాటి ఎదుర్లంక. గౌతమి పాయ మీద వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు ఇక్కడా రేవే. వంతెన ఎక్కకుండా రేవు దగ్గర టీ కోసం ఆగాం. పది రూపాయల టీ, అల్లం దంచి వేశాడు. అక్కడే భుజానికి సంచితో, చేతిలో ఫోనుతో లంకకి వెళ్లే పడవ కోసం చూస్తున్న డాక్ సేవక్ అమ్మాయి కనిపించింది. పాతికేళ్లుంటాయి. సంచిలో ఏముందని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. రెండు ఏటీఎం కార్డులు, ఒక ఆధారు, ఎల్లయ్‌సీ నోటీసు, ఎవరికో ఉద్యోగం ఇంటర్వ్యూ కాగితం. చేతివేళ్ల మిషను మీద ముసలివాళ్లకి డబ్బులు కూడా ఇస్తుందట. "ఇంటర్వ్యూ సోమవారమేనండి. రేపు ఆదివారం. ఇవాళ ఇవ్వకపోతే ఆ అబ్బాయి అయిపోతాడు" అంది. పడవ ఆలస్యమయ్యేకొద్దీ ఆమె టెన్షన్ మాక్కూడా అంటుకుంది. చివరికి గడ్డి కోసం వెళ్తున్న నాటు పడవాయన్ని పిలిచి ఎక్కి వెళ్లిపోయింది.

యానాం పుదుచ్చేరిలో భాగమైనా దాని పిన్‌కోడు 533464. మొదటి మూడంకెలూ మన కాకినాడ, రాజమండ్రి, అమలాపురాలవే. పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న పెట్టినప్పుడు రాష్ట్రం సరిహద్దుని కాకుండా సంచి వెళ్లే దారిని చూశారన్నమాట. పుదుచ్చేరికి 605, మాహేకి కేరళ నంబరు.

ఊరు శుభ్రంగా ఉంది. మందు షాపులు ఎక్కువ, వాటి ముందు అవతలి ఒడ్డు బైకులు ఎక్కువ. ఒకప్పుడు అవతలి ఒడ్డు వాళ్లు ఇక్కడికి వచ్చింది పెళ్లిళ్లకి. శారదా చట్టం వచ్చాక బాల్య వివాహాలు చేయాలనుకున్నవాళ్లు ఫ్రెంచి గడ్డ మీదికి వచ్చి చేసుకుపోయేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరు అందుకే. ఆ పెళ్లిళ్లలో తాళి కట్టించుకున్న పసిపిల్లల్ని తలుచుకుంటే ఆ పేరు పలకబుద్ధి కాదు.

చర్చి వెనక వీధిలో రెండు మూడిళ్లు అడిగాక, ఒక పెంకుటింట్లో ఎనభై ఏళ్ల మామ్మగారు లోపలికి పిలిచారు. వాళ్ల మావగారు ఫ్రెంచి కచేరీలో గుమస్తా. 1954లో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయేదాకా చేశారట. ట్రంకు పెట్టె తీయించారు. జననం సర్టిఫికెట్లు, ఒక జీతం పుస్తకం, కోటు వేసుకున్న మావగారి ఫొటో. అడుగున ఒక కవరు కనిపించేసరికి తమ్ముడు ఊపిరి బిగబట్టాడు. దాని కుడివైపు మూలన నలుచదరంగా చిల్లు. బిళ్లతో పాటు ముద్ర కూడా కత్తెరకి పోయింది. "మా చిన్నాడు చిన్నప్పుడు కత్తిరించుకున్నాడమ్మా. స్కూల్లో ఎవరికో గోళీలకి ఇచ్చేశాడు" అన్నారామె. చిరునామా మాత్రం మిగిలింది: పుదుచ్చేరిలో ఎవరో ఒక దొరగారికి, వంకర్లు తిరిగిన నీలి సిరాలో.

అదైనా మాస్టారికి పంపమని ఆవిడే ఇచ్చారు. ఊరికే తీసుకోలేక, నర్సాపురం లేసు ఆమెకిచ్చాను. వద్దంటూనే ట్రంకు మీద పరిచి చూసుకున్నారు.

పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు కట్టించి, ఆ చిల్లు కవరు మాస్టారికి పంపాను. మూడోరోజు అందిందని ఆయన ఫోను చేశారు. చిల్లు చుట్టూ భూతద్దంతో చూస్తే గుండ్రటి ముద్ర అంచు వెంట్రుకవాసి మిగిలి ఉందట, రెండక్షరాలు చదవగలిగారట. గొంతులో ఆ సంతోషం దాచుకోలేకపోయారు. నిండు కవరు కోసం మాత్రం ఇంకా చూస్తున్నారు. యానాం, కాకినాడ, అమలాపురం వైపు ఎవరింట్లోనైనా 1954కి ముందు యానాం నుంచి వచ్చిన కవరుంటే, బిళ్ల మీద కత్తెర పెట్టకండి. అమ్మక్కర్లేదు, ఇవ్వక్కర్లేదు. ముందూ వెనకా ఫొటో తీసి పంపినా చాలని మాస్టారు చెప్పమన్నారు.